కూర్చినవాడు కూర్చోవద్దా?

"ఊళ్ళో ఉండే యావన్మందికీ తెలియజేసేది ఏమంటే! ఈ పొద్దు సందేళకు కచేరీలో సామ్యేలు గోపాకం! గోపా...కం! ఆడామొగా, పిన్నాపెద్దా అంతా వచ్చి ఆనందించాలహో!"

లింగన్న డప్పు మీద ఒక దరువు వేసి పక్కవీధికి సాగిపోయాడు. మార్కాపురం బజారు మాత్రం సాగలేదు. సంతరోజు కావడంతో కిక్కిరిసి ఉన్న బజారు నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

నా పలకల దుకాణం మెట్టు మీద చింతపండు బేరమాడుతున్న వెంకటసుబ్బులమ్మ గారు అందరికన్నా ముందు తేరుకున్నారు.

"ఏమప్పా శెట్టీ, వాడేమన్నాడు? నలపాకం విన్నా, భీమపాకం విన్నా. ఈ గోపాకం ఏంది?"

"గో అంటే ఆవు గదమ్మా" అన్నాడు చింతపండువాడు. తనకు వచ్చిన సంస్కృతమంతా ఒక్క అక్షరమే అయినా, అది ఇన్నాళ్ళకు పనికొచ్చినందుకు మురిసిపోతూ అన్నాడు. "పాకం అంటే వంట."

"రామరామ! సామ్యేలు ఆవును వండతాడా?"

"వండి ఊరుకోడంట. అందరూ వచ్చి ఆనందించాలంట."

"అదీ కచేరీలోనా!"

మా తాలూకాలో కచేరి అంటే తాసిల్దారు కచేరే. పాటకచేరి అనే మాట మద్రాసు పత్రికల్లో చదవడమే గాని మా ఊళ్ళో ఎవరూ చెవితో విన్న పాపాన పోలేదు. కనుక ఊరికి అర్థమైంది ఇదీ: సర్కారువారి తాలూకా ఆఫీసులో, సర్కారువారి కాగితాల మధ్య, సామ్యేలు ఆవును వండి ఊరందరికీ వడ్డించబోతున్నాడు.

మా ఊళ్ళో మాటకు కాళ్ళుండవు, గిట్టలుంటాయి. పొద్దు నడినెత్తికి రాకముందే ఆవు ఎర్రావు అయింది. ఎర్రావు చూలావు అయింది. ఆ చూలావు ఎవరి దొడ్లోంచి పోయిందో కూడా తెలిసిపోయింది. ఆ దొడ్డివాళ్ళు తమ ఆవును తామే స్వయంగా చూసుకుంటూ, అయ్యో పోయిందే అని ఏడ్చారు.

నాకు మాత్రం అసలు సంగతి తెలుసు. లింగన్నకు కబురు చెప్పింది నేనే. చెప్పింది "గోపాక్ కచేరి, పఠన మందిరంలో" అని. గోపాక్ అన్నది రష్యా వైపు పల్లెజనం ఎగిరెగిరి ఆడే చిందు. ఆ చిందు ఒక రష్యా సంగీత నాటకంలో వస్తుంది. దాన్ని తన బ్యాండు మేళానికి తగ్గట్టు కూర్చి, జనం ముందు కూర్చుని వాయించాలని సామ్యేలు పంతం పట్టాడు. కథంతా ఆ రెండు మాటల్లోనే ఉంది: కూర్చడం, కూర్చోవడం.

సామ్యేలు మాదిగపల్లెలో పుట్టి, మిషన్ బడిలో నాలుగక్షరాలు నేర్చి, బెంగుళూరు పటాలంలో క్లారినెట్ వాయించి, జర్మనీ యుద్ధంలో బస్రా దాకా పోయి వచ్చిన మనిషి. బస్రాలో గుండ్లు పడుతుంటే కూడా బ్యాండువాళ్ళకు కూర్చోవడానికి పెట్టెలు వేశారట. మార్కాపురంలో గుండ్లు పడవు, కుర్చీలూ పడవు. పెళ్ళికి పిలిస్తే బ్యాండు వీధిలో నిలబడి వాయించాలి. ఊరేగింపైతే నడుస్తూ వాయించాలి. అరుగు ఎక్కకూడదు. వాయించి వాయించి కాళ్ళు పీకితే ఒంటికాలి మీద నిలబడి రెండో కాలికి విశ్రాంతి ఇవ్వవచ్చు. అంతవరకు మర్యాద ఉంది.

ఆ ఏడు, మద్రాసులో కాంగ్రెసువాళ్ళు మంత్రులైన ఏడు, గిద్దలూరు రైల్వే గార్డు దొర తన కూతురి పుట్టినరోజుకు సామ్యేలును పిలిపించాడు. వాయించడం అయ్యాక దొర గ్రామఫోను పెట్టాడు. పళ్ళెం తిరిగింది. ఏదో ధాటీ అయిన పాట ఎత్తుకుంది. సామ్యేలు ముందుకు వంగాడు.

"ఆపరా" అన్నాడు దొర, ఆ పాట ఏ జాతిదో చెబుతూ.

సామ్యేలు ఉలిక్కిపడి ముల్లు ఎత్తేశాడు. "ఆపినాను దొరా."

"నో, నో! ఆపరా! రష్యన్ ఆపరా!"

"ఆపితిని గద దొరా, మళ్ళీ ఆపమంటే ఎట్ల?"

కాసేపు ఇద్దరూ ఒకరిని చూసి ఒకరు చేతులు ఊపుకున్నాక తేలింది, ఆపరా అంటే పాటలతో నడిచే నాటకమని. ఇప్పుడు వచ్చింది అందులో గోపాక్ అనే చిందని. "మన వీధినాటకం లాంటిదే శెట్టన్నా" అన్నాడు సామ్యేలు నాతో తిరిగొచ్చాక. "కాకుంటే మన నాటకానికి తెల్లారతది, వాళ్ళదానికి టిక్కెట్టు చిరగతది. అంతే తేడా."

ఆ పాట అతని చెవిలో జోరీగలా దూరింది. ఏదో వంక పెట్టుకుని గిద్దలూరు రైలు ఎక్కడం, దొర ఇంటి వరండాలో పళ్ళెం తిప్పించుకోవడం, తిరిగి వచ్చేటప్పుడు ఈలవేస్తూ రావడం. వచ్చి నేరుగా నా దుకాణంలో దూరేవాడు. కాగితం మీద రాస్తే దిద్దడం కష్టమని, అంచులు విరిగి అమ్ముడుపోని పలకలు ఏరుకుని, వాటి మీద మేకుతో అయిదు గీతలు గీసి, బలపంతో స్వరాల గుర్తులు పెట్టేవాడు. మేళంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పలక. తడిగుడ్డతో తుడిస్తే ఒక రష్యా పోయేది, బలపం కదిలిస్తే ఇంకో రష్యా వచ్చేది. నేను పలకలు అమ్ముకునేవాణ్ణి. పలకలు అంత బాగా పలకగా నేను ఎన్నడూ వినలేదు.

పని తేలిక కాదు. ఆ గ్రామఫోనులో వందమంది ఉన్నారట. సగం మంది ఫిడేళ్ళవాళ్ళే. సామ్యేలు దగ్గర ఒక్క ఫిడేలూ లేదు. ఉన్నదల్లా అతని క్లారినెట్, రెండు కార్నెట్లు, మల్లయ్య ట్రాంబోను, ఒక పెద్ద ఇత్తడి బాకా, డ్రమ్ములు. ఫిడేలుకు ఊపిరి అక్కర్లేదు, గీస్తే చాలు. క్లారినెట్‌కు ఊపిరే బతుకు.

"ఆ పరుగు ఒకడి రొమ్ముతో అయ్యేది కాదు" అన్నాడు సామ్యేలు. "ముక్కలు చేస్తాను. నేను ఎత్తుకుంటా. ఊపిరి ఆడనప్పుడు కార్నెట్ అందుకుంటది. కార్నెట్ తూలేసరికి రెండోది అందుకుంటది. వినేవాడికి మాత్రం ఒక్కడే ఉరికినట్టుండాల."

"అందరూ ఊపిరి పీల్చుకునేటప్పుడో మావా?" అన్నాడు మల్లయ్య.

"అప్పుడు నీ ట్రాంబోను సాగదీసుకో. దానికి సాగే గుణముంది, నీకూ ఉంది."

ఊపిరి సమస్య తీరాక కాళ్ళ సమస్య వచ్చింది. మేళంవాళ్ళు జన్మంతా నడుస్తూ వాయించినవాళ్ళు. ఎడమకాలు పడితే దెబ్బ, కుడికాలు పడితే దెబ్బ. కూర్చోబెట్టేసరికి తాళం తప్పిపోయింది. డ్రమ్ము ఒక దారి, బాకా ఒక దారి. మల్లయ్యయితే కూర్చునే కాళ్ళు ఈడ్చడం మొదలుపెట్టాడు.

"నిలబడే వాయిద్దాం మావా. కూర్చుంటే కాళ్ళు ఏం చెయ్యాల్నో తెలియడంల్యా."

"కాళ్ళేం చెయ్యొద్దు. వాటికి సెలవు" అన్నాడు సామ్యేలు. "ఇన్నాళ్ళు మన పాట ఎవురినో ఒకరిని ఏడికో ఒకాడికి తోలకపోయే పాట. పెండ్లికొడుకును విడిదికి తోలకపో, దేవున్ని గుడికి తోలకపో. ఈ పాట ఎవురినీ ఏడికీ తోలకపోదు. ఉన్నచోట కూర్చోని వాయించాల, ఉన్నచోట కూర్చోని వినాల. ఈ ఊళ్ళో మన పాటను ఎవురన్నా విన్నారా? విననేల్యా. దాని ఎనక నడిచినారు."

ఆ మాటకు మల్లయ్య ఈడ్చే కాళ్ళు ఆగాయి.

నేను పఠన మందిరానికి కార్యదర్శిని. వార్షికోత్సవానికి హరికథో, ఉపన్యాసమో పెట్టడం ఆచారం. ఉపన్యాసానికి వచ్చేవాళ్ళు ఉపవాసానికి వచ్చినట్టు మొహాలు పెట్టేవారు. ఈసారి సామ్యేలు కచేరి పెడదామన్నాను. మందిరం అధ్యక్షులు కరణం వెంకటసుబ్బయ్య గారు ముక్కుపొడుం పట్టి, తుమ్మి, "కానీ" అన్నారు.

"కూర్చుని వాయిస్తారు" అన్నాను.

ఆయన రెండో తుమ్ము ఆగిపోయింది.

"ఎవరు?"

"సామ్యేలు, వాళ్ళ మేళం. కుర్చీల్లో."

"మనం?"

"మనమూ కుర్చీల్లోనే."

"ఎదురెదురుగానా!" అన్నారాయన, వియ్యంకుడి ఇంట్లో అవమానం జరిగినట్టు. "చూడవయ్యా శెట్టీ, సంగీతానికి నేను అడ్డం కాను. రష్యావాడి పాటైనా సరే, రావణుడి పాటైనా సరే. కుర్చీకే అడ్డం. వాణ్ణి నిలబడి వాయించుకోమను."

నేను ఆ మాట మోసుకుపోయాను. సామ్యేలు క్లారినెట్ గొట్టంలో గుడ్డ దూర్చి తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"నిలబడి ఈ ఊళ్ళో ఇరవైయేండ్లు వాయించినాను. ఈ పాట నేను కూర్చినాను శెట్టన్నా. కూర్చినోడు కూర్చోవద్దా?"

నాకు ఒళ్ళు పులకరించింది. మాటకు మాట అతికించడం నా జబ్బు. ఆ జబ్బు అతనికి నా దుకాణంలో అంటుకుంది. "కూర్చుంటాడు!" అని అరిచాను. తిరిగి వెళ్ళి మిగతా సభ్యులందరినీ పట్టుకుని ఒప్పించాను. కరణం గారు ఒంటరివారయ్యారు. "సరే" అన్నారు. ఆయన సరే అన్న తీరులో సరిలేదని నాకు అప్పుడే తెలియాలి.

ఇదుగో, ఈ లోపల లింగన్న దండోరా వేశాడు.

ఊరు భగ్గుమంది. నేను దుకాణానికి చాప అడ్డం పెట్టి కరణం గారింటికి పరుగెత్తాను. అప్పటికే అక్కడ జనం. అరుగు మీద కరణం గారు. వీధిలో, మెట్ల కింద, సామ్యేలు. ఆయన కబురు పెడితే వచ్చాడు. అతని వెనక భార్య యేసుమణి. కబురు పెట్టకపోయినా వచ్చింది. ఆమె వెనక మేళంవాళ్ళు.

"ఏరా సామ్యేలూ, ఏందిరా ఈ గోపాకం?"

"అది పాట పేరు అయ్యా. దండోరా తప్పు పడింది."

"తప్పు పడిందని నువ్వంటే చాలునా? ఊరు ఉడికిపోతా ఉంది. నేను చెప్పినట్టు చెయ్యి. ఇక్కడే నిలబడి చెప్పులు పక్కన విడిచి, ఇదిగో ఈ జనానికి, ఆవు లేదు, వంట లేదు, తప్పయింది అని దండం పెట్టి చెప్పు. సాయంత్రం మందిరం ముందు నిలబడి నాలుగు పాటలు వాయించి పో. లింగన్న చేత మళ్ళీ దండోరా నేనే వేయిస్తాను."

ఆయన అడిగింది ఆవు సంగతి కాదు, కుర్చీ సంగతి. అది అక్కడున్న గోడకు కూడా తెలిసింది. నేను సామ్యేలు చెవిలో "ఒక్కమాట చెప్పెయ్యి, ఈ గొడవ తీరిపోతుంది" అన్నాను.

"ఏమని చెప్పాల శెట్టన్నా? నోరు జారింది నాదా? చెవి జారింది నాదా?" అని గట్టిగానే అన్నాడు సామ్యేలు. కరణం గారి వైపు తిరిగాడు. "అయ్యా, అది ఏం పాటో, దానికి ఆ పేరు ఎందుకో, అందరికీ చెప్తాను. సాయంత్రం. నా చోట కూర్చోని చెప్తాను. ఇక్కడ చెప్పను."

"చెప్పవా?"

"చెప్పనయ్యా."

"అయితే కుర్చీలు లేవు పో!" అని లేచారు కరణం గారు. అప్పటికప్పుడు మనిషిని పంపి, మందిరంలోని కుర్చీలూ బెంచీలూ అన్నీ లోపలి గదిలో వేయించి, తాళం వేయించి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు.

సామ్యేలు మొహం నల్లబడింది. అంతమంది ముందు మాట అనేశాడు. ఇప్పుడు నిలబడి వాయిస్తే మాట పోయింది. వాయించకపోతే ఆవును వండబోయి భయపడి మానుకున్నాడంటారు. మేళంవాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. మల్లయ్య గొణిగాడు: "నేల మీద కూర్చుంటే సరిపాయె గద మావా."

"నేలంటే వాళ్ళ కాళ్ళకాడ" అన్నాడు సామ్యేలు.

అప్పుడు యేసుమణి నడుముకు చెంగు దోపుకుంది. ఆమెకు మాట్లాడేటప్పుడు చేతులు ఖాళీగా ఉండాలి.

"ఏందయ్యా ఆ మొహం? తాళం ఆయప్ప వేసినాడా? వేసుకోనీ. మీరు కూడా తాళం వెయ్యండి, సాయంత్రం. కుర్చీ వాళ్ళది. కూర్చోవడం మనది. ఏం శెట్టన్నా, నీ పలకలు చెక్కేముందు బండలుగా ఉంటాయి గదా, గనిలోంచి వచ్చినప్పుడు? అవి ఏడుండాయి?"

నేను ఎగిరి గంతేశాను. ఆ వయసులో నేను ఎగిరిన గంతు అదొక్కటే. బ్యాండుకు బండలు! నా గిడ్డంగిలో రెండెడ్ల బండ్ల నిండా బండలు. బండ్లు కట్టించి బండల్ని బ్యాండు కోసం మందిరం ఆవరణకు తోలించాను. మేళంవాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చారు. సరిగ్గా కుర్చీ ఎత్తుకు వచ్చాక సామ్యేలు మరొక బండ తెచ్చి తన పీట మీద పెట్టించాడు.

"ఎందుకది?"

"మాస్టరు గదా శెట్టన్నా" అన్నాడు, మొట్టమొదటిసారి నవ్వి.

సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే జనం మొదలయ్యారు. పఠన మందిరానికి ఎదురుగానే తాలూకా కచేరి. మధ్యలో రోడ్డు. గోపాకాన్ని ఆపడానికి వచ్చినవాళ్ళు కర్రలతో కచేరి వాకిట్లో నిలబడ్డారు. గోపాకం అంటే ఎట్లా ఉంటుందో చూద్దామని వచ్చినవాళ్ళు వాళ్ళ వెనక నిలబడ్డారు. రుచి చూద్దామని వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు ఎక్కడ నిలబడ్డారో వాళ్ళే చెప్పుకోలేదు. తాసిల్దారు గారు తన ఆఫీసులో వంటేమిటో తెలియక, ఉన్న ఇద్దరు జవాన్లనూ గేటు దగ్గర నిలబెట్టి, తాను మెట్ల మీద నిలబడ్డారు.

సంతకు గొర్రెలు తోలుకొచ్చిన వెలిగండ్ల గొల్లలు మాత్రం కంబళ్ళు భుజాన వేసుకుని నేరుగా మా ఆవరణలోకి వచ్చారు. వాళ్ళ పెద్ద కాటమరాజు నన్ను పట్టుకున్నాడు.

"శెట్టిమామా, గోపకులాట ఏడ?"

"ఏ ఆట?"

"దండోరా ఏసినారు గదా, గోపకం అని. గోపకులంటే మేమే. మా ఆట మాకు తెలవకుండ ఈ సామ్యేలు ఎట్ల ఆడిస్తాడో చూసి పోదామని వచ్చినాం."

ఒక్క దండోరా. ఊరికి వంట వినిపించింది, తాసిల్దారుకు ఆఫీసు వినిపించింది, కాటమరాజుకు కులం వినిపించింది. ఎవరి చెవికి వాళ్ళ గొడవే ముందు చేరుతుంది. నేను ఆయనను ముందు వరుసలో నేల మీద కూర్చోబెట్టాను.

కరణం వెంకటసుబ్బయ్య గారు తన వర్గంతో వచ్చారు. బండల మీద బారుగా కూర్చున్న మేళాన్ని చూశారు. కూర్చోవడానికి అటూ ఇటూ చూశారు. కుర్చీల్లేవు. కుర్చీలన్నీ తాళంలో ఉన్నాయి, తాళంచెవి తన మొలలోనే ఉంది. తీయిస్తే అందరికీ తీయించాలి. నేల మీద కూర్చుంటే సామ్యేలు మోకాళ్ళకు తన నెత్తి వస్తుంది. ఆయన చేతికర్ర నేలకు బిగించి నిలబడ్డారు. అధ్యక్షులు నిలబడితే సభ్యులు కూర్చుంటారా? అందరూ నిలబడ్డారు.

సామ్యేలు ఎవరికీ నమస్కారం పెట్టలేదు. పలకలు ఒళ్ళో సర్దుకోమని మేళానికి కంటితో చెప్పాడు. క్లారినెట్ పెదాలకు ఆనించాడు.

మొదట మెల్లగా. ఎవరో కొత్త చెప్పులతో నడిచి వస్తున్నట్టు. తర్వాత డ్రమ్ము రెండు దెబ్బలు, రెండు దెబ్బలుగా అందుకుంది. క్లారినెట్ పరుగు ఎత్తుకుంది. అది ఆయాసపడబోయేచోట కార్నెట్ లాక్కుంది. కార్నెట్ తూలేచోట రెండోది లాక్కుంది. ఎక్కడ చేతులు మారుతున్నాయో తెలిసిన నాకే తెలియలేదు. కచేరి వాకిట్లో కర్రలు పట్టుకున్నవాళ్ళు తలలు తిప్పారు. రోడ్డు దాటారు. కర్రలు చంకలో పెట్టుకుని గోడమీదుగా మెడలు సాచారు. మా ఆవరణ గేటు మీద గడ్డం ఆనించి వింటున్న తాసిల్దారు జవానును తాసిల్దారు గారే పక్కకు జరిపి లోపలికి వచ్చారు.

పాట రెండోసారి తిరిగేసరికి వేగం పెరిగింది. మేళంవాళ్ళ కాళ్ళు నేలకు అంటుకుని కదలలేదు. తాళమంతా చెవుల్లోనే ఉంది. మల్లయ్య ట్రాంబోను సాగింది, ముడుచుకుంది, గొర్రెపొట్టేలు కొమ్ములతో కుమ్మినట్టు ముందుకు పొడిచింది. ముందు వరుసలో ఉన్న కాటమరాజు పైకి లేచాడు. కంబళి విసిరేశాడు. గొంతుక్కూర్చుని, ఒక కాలు ముందుకు చాచి, గుంట దాటే గొర్రెలా పైకి ఎగిరాడు. "ఆఁ! ఇది మా ఆటే!" అని కేకవేశాడు. గొల్లలందరూ లేచారు.

"ఆపరా!" అని అరిచారు కరణం గారు.

ఆ క్షణంలో పరుగు కార్నెట్ చేతిలో ఉంది. సామ్యేలు క్లారినెట్ తీసి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే, "ఔనయ్యా, ఆపరానే! రష్యా ఆపరా!" అని బదులు చెప్పి, తన వంతుకు క్లారినెట్ మళ్ళీ పెదాలకు చేర్చాడు. ఎవరికీ ఆ మాట అర్థం కాలేదు గాని, కరణం గారు ఆపమంటే ఔనంటూనే ఆపలేదని మాత్రం అర్థమై ఆవరణంతా గొల్లుమంది. గొల్లలు మరింత గొల్లుమన్నారు.

పాట ఒక్కసారిగా తెగి ఆగింది. మేళంవాళ్ళ రొమ్ములు కొలిమితిత్తుల్లా ఎగసి పడుతున్నాయి. ఎవరూ లేవలేదు. జనంలో ఒకచోట మొదలైన చప్పట్లు కర్రల దాకా పాకాయి.

తాసిల్దారు గారు గొంతు సవరించుకున్నారు. "బాగుంది. చాలా బాగుంది. కాని వంట ఎక్కడ?"

"అదే నేనూ అడుగుతున్నా" అన్నారు కరణం గారు. "లేచి నిలబడి చెప్పరా."

"కూర్చునే చెప్తానయ్యా" అన్నాడు సామ్యేలు. క్లారినెట్ ఒళ్ళో అడ్డం పెట్టుకున్నాడు. గొంతు అందరికీ వినబడేటట్టు ఎత్తాడు. "వంట లేదు. ఆవు లేదు. ఇది గోపాక్. రష్యా వైపు పల్లెల్లో ఆడే చిందు. ఒక నాటకంలో వస్తది. దాన్ని నేను మా మేళానికి కూర్చినాను. కచేరి అంటే పాటకచేరి, మీ కచేరి కాదు సారూ. మీరు నిశ్చింతగా ఉండొచ్చు."

"రష్యా అంటే..." తాసిల్దారు గారు అనుమానంగా నొసలు చిట్లించారు. "ఇందులో రాజకీయం ఏమీ లేదు కదా?"

"కాళ్ళు ఎగరెయ్యడం దప్ప ఏమీ లేదు సారూ."

"మరి గోపాక్ గోపాకం ఎట్లయింది?" అన్నారు వెంకటసుబ్బులమ్మ గారు గోడ పక్కనుంచి.

అందరూ లింగన్న వైపు తిరిగారు. లింగన్న డప్పు వెనక దాక్కోబోయాడు గాని, డప్పు చిన్నది, లింగన్న పెద్దవాడు.

"నన్ను చూస్తారేందప్పా! శెట్టిమామ చెప్పిన మాట గోపాక్. క్ మీద ఆగిపాయె. తెలుగు మాట యాడన్నా క్ మీద ఆగతదా? గొంతులో బొమికె అడ్డం పడినట్టు లేదా? తోక తెగిన మాటను ఊరంతా ఎట్ల అరిచేది? బెంచ్ అంటే బెంచీ అంటాం, రోడ్ అంటే రోడ్డు అంటాం. దీనికి కూడా తోక అతికించినా. సున్నా పెడితే నిండుగా ఉంటదని సున్నా పెట్టినా. ఆ సున్నాలో ఆవు దూరతదని నాకేం తెలుసు?"

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ నవ్వుల్లోంచి యేసుమణి గొంతు కత్తిలా లేచింది.

"నవ్వినారు గదా, ఇది కూడా వినండి. మాదిగోడు మాట అంటే మీ చెవికి ఆవే వినపడతదా? మేము ఏం వండుకుంటామో మా పొయ్యికి తెలుసు. దానికి దండోరా ఎందుకు, క్లారినెట్ ఎందుకు?"

నవ్వు సగంలో తెగింది. కొందరు కర్రలు వెనక్కి దాచుకున్నారు. కాటమరాజు కంబళి దులుపుకుంటూ, "మరి మా గోపకులాట కాదా సామ్యేలూ ఇది?" అన్నాడు కొంచెం దిగులుగా.

"వాళ్ళ గోపాక్‌కు, మీ గోపకులకు సుట్టరికం ల్యా పెద్దయ్యా. పేరు మాత్రం కలిసింది" అన్నాడు సామ్యేలు. "కాని నువ్వు ఎగిరింది మాత్రం అచ్చం అదే ఆట."

"అయితే సుట్టరికం ఉన్నట్టే" అన్నాడు కాటమరాజు.

కరణం గారు ఇంకా కర్ర మీద బరువు వేసి, ముందుకు వంగి నిలబడే ఉన్నారు. సామ్యేలు బండ మీద కూర్చునే ఉన్నాడు. ఇద్దరి కళ్ళూ ఒక ఎత్తులో ఉన్నాయి.

"ఈ నాలుగు ముక్కలు పొద్దున్నే మా అరుగు దగ్గర చెప్పి ఉంటే అయిపోయేది గదరా?"

"పొద్దున మీరు నిలబడి చెప్పమంటిరి. ఇప్పుడు నేను కూర్చోని చెప్పినాను" అన్నాడు సామ్యేలు. "మాట అదే అయ్యా. చెప్పిన తీరే వేరే."